అమ్మవారు నొక్కిన ఓకే

“ఆ చేపని ఎండలో పెట్టకు బాబాయ్. ఇటివ్వు, ఆఫీసుకి పంపించి ఫ్రిజ్జులో పెట్టిస్తాను,” అంది నాంచారమ్మ.

పేరయ్య థర్మాకోల్ పెట్టె మూత తీసి లోపలికి చూశాడు. నాగాయలంక నుంచి మొదటి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన పండుగప్ప. కింద పరిచిన ఐసు అప్పుడే సగానికి పైగా నీళ్ళయింది.

“ఫ్రిజ్జులో వద్దమ్మా. ఓసారి కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టిస్తే అది చేప కాదు, చేప ఫోటో. చూడ్డానికి అట్టాగే ఉంటది, లోపలేం ఉండదు,” అన్నాడు. “మా ఇంట్లో పుట్టిన మాట ఇది, బయటెక్కడా వినవు. ఇయ్యాలే వండుకో.”

మూత మళ్ళీ బిగించి, అప్పటిదాకా నాలుక చివర ఆపుకున్న అసలు ప్రశ్న అడిగాడు. “మా పిల్ల ఏవన్నా మాట్లాడిందా?”

“లేదు బాబాయ్.”

ఆయన తల ఊపాడు. గుణదలలో ‘డెల్టా మెదడు జ్వరాల పరిశోధన కేంద్రం’ అన్న బోర్డు కింద, గేటు పక్కన సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాడు. నిన్న పొద్దుపోయేదాకా ఆయన కూర్చున్న చోటు కూడా అదే. లోపలికి రానివ్వరు, ఇంట్లో ఉండబుద్ధి కాదు.

ఆయన కూతురు శాలిని ఈ సెంటర్లో రీసెర్చ్ స్కాలర్. ఆమెకి గైడు డాక్టర్ దుర్గాశంకర్. పోయిన శుక్రవారం ఆయన ఇక్కడే, శాంపిళ్ళు దాచే శీతల గదిలో శవమై కనిపించాడు. ఆ రోజు నుంచి శాలిని నోరు విప్పలేదు. తండ్రి అడిగినా, పోలీసులు అడిగినా, నాంచారమ్మ వెళ్ళి మహిళా స్టేషన్లో గంటసేపు ఎదురుగా కూర్చున్నా, ఒక్క అక్షరం లేదు. భయంతో మాట పడిపోయిందన్నారు డాక్టర్లు. నేరం చేసినవాళ్ళకి మాటెలా వస్తుందన్నారు పోలీసులు. నిన్న సాయంత్రం అరెస్టు చేశారు. ఇవాళ సాయంత్రానికి మేజిస్ట్రేటు ముందు పెడతారు. ఆపైన జైలు. వల లాగే ఇంట్లోంచి డాక్టరేటు దాకా నడిచిన పిల్ల చదువు ఆ గేటు దగ్గర ఆగిపోతుంది.

నాంచారమ్మకి నలభై తొమ్మిదేళ్ళు. పుట్టిందీ పెరిగిందీ ఆ సముద్రపు ఒడ్డునే. ఎస్సైగా చేసి, పైవాళ్ళ మాట పడక రాజీనామా పారేసి, బెంజ్ సర్కిల్ దగ్గర జిరాక్స్ షాపు మీద ఒక గది తీసుకుని ప్రైవేటు డిటెక్టివ్ అయింది. ఉద్యోగం పోయినా అలసట మాత్రం పోలేదు. మొగుళ్ళ మీద అనుమానాలు, ఇన్సూరెన్సు దొంగ క్లెయిములు. ఇన్నేళ్ళకి ఒక హత్య కేసు వచ్చిందంటే, అది కూడా సొంత ఊరి మనిషిది.

మెట్ల రెయిలింగు పట్టుకుని, మోకాళ్ళని తిట్టుకుంటూ పైకి ఎక్కింది.

*

“రండి మేడమ్, రండి. మీ దగ్గర ప్రొబేషన్ చేసిన విశ్వాసం కొద్దీ పిలిచాను. చూసుకుని త్వరగా వెళ్ళిపోండి,” అన్నాడు సీఐ తిరుపతిరావు. నల్ల కళ్ళద్దాలు లోపల కూడా తీయలేదు.

“నా దగ్గర నేర్చుకున్నవాడివి, తలుపు మీద వేలిముద్రలు తీశావా అని అడగక్కర్లేదుగా?”

“తీశాం. అందరివీ ఉన్నాయి. ల్యాబు తలుపు కదండీ, సత్రం తలుపు లాంటిదే.”

శీతల గదికి కిటికీ లేదు. ఒక పక్క పెద్ద డీప్ ఫ్రీజరు. ఇంకో పక్క నడుమెత్తు ఉక్కు ట్యాంకు, అందులో ద్రవ నైట్రోజన్. దాని సంగతి నాంచారమ్మకి తెలియక, ఒక డాక్టర్ని అడిగి తెలుసుకుంది. రంగుండదు, వాసనుండదు. మూసిన గదిలో వదిలితే ఉన్న గాలిని బయటికి నెట్టేసి తను కూర్చుంటుంది. లోపలున్న మనిషికి ఊపిరి ఆడట్లేదని తెలిసేలోపే కళ్ళు తిరుగుతాయి. శుక్రవారం సాయంత్రం వాచ్‌మన్ చూసేసరికి ట్యాంకు కుళాయి తిప్పి ఉంది, గాలి బయటికి తోసే ఫ్యాను ఆపేసి ఉంది, తలుపుకి బయట గడియ పెట్టి ఉంది. దుర్గాశంకర్ గడప దగ్గర బోర్లా పడి ఉన్నాడు.

“గడియ బయట. కాబట్టి ఆత్మహత్య కాదు, ప్రమాదం కాదు,” అన్నాడు తిరుపతిరావు. “ఈ వరండాలోంచి ఆఖరున దిగి వెళ్ళింది ఆ అమ్మాయే. వాచ్‌మన్ చూశాడు. ఇక కారణం అంటారా, పేపరు.”

“ఆ పేపరు గొడవ నాకు అర్థమయ్యేలా చెప్పు. నేను చదివినవన్నీ ఛార్జిషీట్లే.”

తిరుపతిరావు ఉత్సాహంగా చెప్పాడు. మెదడు జ్వరం వచ్చి బతికిన పిల్లల్లో కొందరికి ఫిట్సు వస్తాయి, కొందరికి మతిమరుపు మిగులుతుంది. ఎవరికి వస్తుందో, ఎవరికి రాదో రక్తం చూసి ముందే చెప్పొచ్చని, రాదని తేలినవాళ్ళకి మందులు ఆపేయొచ్చని ఈ ఏడాది దుర్గాశంకర్, శాలిని కలిసి పరిశోధన పత్రం అచ్చేశారు. పెద్ద పేరొచ్చింది. శుక్రవారానికి ముందురోజు అది ఉన్నట్టుండి వెనక్కి పోయింది.

“వెనక్కి అంటే?”

“మేం రాసింది తప్పు, తీసేయండి అని పత్రికకి చెప్పడం. మెయిల్ వెళ్ళింది దుర్గాశంకర్ గారి అకౌంటు నుంచే. కారణం ఒకటే ముక్క, ‘శాంపిళ్ళు నమ్మదగినవి కావు.’ శాంపిళ్ళు చూసేదెవరు? శాలిని. అంటే ఈ అమ్మాయి లెక్కలు దొంగవి. గైడు కనిపెట్టాడు, పేపరు లాగేశాడు. డాక్టరేటు పోయింది. మర్నాడే ఈవిడ ఆయన్ని లోపల పెట్టి గడియేసింది. సింపుల్.”

“ఆయన మెయిల్ ఇంకెవరైనా చూస్తారా?”

“పేపర్లు పంపడం, జవాబులివ్వడం అంతా ఆ అమ్మాయి పనే. అయితే ఏంటి? తన మెడకి తనే ఉరి తగిలించుకుంటుందా?”

నిజమే అనిపించింది నాంచారమ్మకి. అనిపించడం నచ్చక డీప్ ఫ్రీజరు తలుపు లాగింది. తెల్లటి పొగ ముఖానికి కొట్టింది. అరల్లో అట్టపెట్టెలు, ఒక్కో పెట్టెలో వేలెడంత ప్లాస్టిక్ గొట్టాలు నిలువుగా గుచ్చి ఉన్నాయి. గొట్టం గొట్టానికీ ఒక పిల్లో, పిల్లవాడో. కైకలూరు, మొవ్వ, అవనిగడ్డ. ఊళ్ళ పేర్లు చిన్న అక్షరాల్లో.

చేతికి గుడ్డ చుట్టుకుని ఒక గొట్టం పైకి తీసింది. తర్వాత ఇంకోటి. తర్వాత పక్క పెట్టెలోది.

“సీఐ గారూ, గ్లాసులో నీళ్ళు పోసి ఫ్రిజ్జులో నిలబెడితే ఐసు పైభాగం ఎట్లా ఉంటుంది?”

“ఇదేం ప్రశ్న? సమంగా ఉంటుంది.”

“ఇవి చూడు.”

గొట్టాలు నిలువుగానే ఉన్నాయి. లోపల గడ్డకట్టిన రక్తపు నీరు మాత్రం ఏటవాలుగా ఉంది. అన్నిట్లోనూ ఒకే వాలు, ఒకే పక్కకి.

“ఈ పెట్టెలు ఎప్పుడో పక్కకి ఒరిగి ఉండగా లోపలిదంతా కరిగింది. అట్లా ఒరిగే మళ్ళీ గడ్డకట్టింది. తర్వాత ఎవరో తీసి బుద్ధిగా నిలబెట్టారు. దొంగ లెక్కలు కాదయ్యా ఇది. శాంపిళ్ళే చచ్చిపోయాయి.”

“మీకు ఎక్కడ చూసినా ఐసూ, చేపలే కనిపిస్తాయి మేడమ్,” అని నవ్వాడు తిరుపతిరావు. కానీ గొట్టాన్ని వెలుతురుకి ఎత్తి రెండోసారి చూశాడు. “నాకు ఇప్పుడు కావలసింది ఐదో మనిషి. పేపరు వెనక్కి తీసుకోవాలంటే దానిమీద పేరున్న ఐదుగురూ ఒప్పుకోవాలట. పత్రికవాళ్ళు ఒక్కొక్కరికీ మెయిల్ పెడతారు, అందులో ఓకే నొక్కాలి. శాలిని, మద్రాసులో లెక్కలాయన, ఇక్కడి డైరెక్టర్ గంగాప్రసాద్ గారు, దుర్గాశంకర్, ఆఖరున డాక్టర్ చౌడేశ్వరి. ఐదుగురూ నొక్కారు, గైడు మాట కాదనలేక శాలిని కూడా. ఆ చౌడేశ్వరి ఆచూకీ ఒక్కరూ చెప్పట్లేదు. హైదరాబాదులో ఉందేమోనని కానిస్టేబుల్ని పంపించాను. వాడు రెండ్రోజులుగా ఆస్పత్రులన్నీ తిరుగుతున్నాడు.”

నాంచారమ్మ నవ్వు ఆపుకోవడానికి ఫ్రీజరు తలుపు గట్టిగా మూసింది. డాక్టర్ చౌడేశ్వరిని తను ఆ పొద్దున్నే చూసి వచ్చింది.

*

అదెలా జరిగిందంటే, దుర్గాశంకర్ ఇన్నేళ్ళలో అచ్చేసిన పేపర్ల జాబితా సెంటర్ వెబ్‌సైటులో ఉంది. నాంచారమ్మ దాన్ని కింద జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి మూడుసార్లు చదివింది. పేర్లు తప్ప ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఛార్జిషీట్లు చదివిన అలవాటు ఊరికే పోదు. మొదటి పదిహేనేళ్ళూ అంతా క్రిములు, దోమలు, పందులు, జ్వరాలు. ఆ తర్వాత ఉన్నట్టుండి దారి మారింది. అంతా మెదడు, నరాలు, జ్ఞాపకం. ఏ పేపరు మీదైనా సహ రచయితలు మారుతూ వచ్చారు. డైరెక్టర్ది తప్పిస్తే, ఆఖరున ఉన్న చౌడేశ్వరి పేరు ఒక్కటి మాత్రం ఎప్పుడూ మారలేదు.

పొద్దున్నే మంగళగిరి వెళ్ళి దుర్గాశంకర్ చెల్లెలు జ్యోతిర్మయిని అడిగింది. “మీ అన్నయ్యతో ఇన్నేళ్ళు కలిసి పనిచేసిన ఈ చౌడేశ్వరి గారు ఎవరమ్మా? ఫోన్ నంబరుందా?”

జ్యోతిర్మయి ఏడుస్తున్నదల్లా ఆగి, వింతగా చూసింది. ఆ తర్వాత గోడవైపు చెయ్యి చూపింది. మగ్గం పైన పటం. పెద్ద కళ్ళు, చేతిలో కత్తి, మెడలో వాడిపోయిన నిమ్మకాయల దండ.

“మా కులదేవతండీ. చౌడేశ్వరమ్మ.”

నాంచారమ్మ అక్కడే ఉన్న పీట మీద కూలబడింది.

“మా ఇంట్లో చీర నేశాక కొంగు చివర అమ్మ పేరున ఒక పసుపు పోగు వేస్తామండీ. అన్నయ్య మగ్గం ఎక్కలేదు. ‘నేను నేసేవి ఇవేనే’ అని పేపర్లు చూపించేవాడు. అందుకే ఆఖర్న అమ్మ పేరు. పత్రికలవాళ్ళు మెయిల్ అడిగితే అమ్మకి ఒక మెయిల్ కూడా పెట్టాడు,” అని, ముక్కు తుడుచుకుంది జ్యోతిర్మయి. “ఏడేళ్ళప్పుడు నాకు మెదడు జ్వరం వచ్చిందండీ. బతికాను గానీ, పడుగులో పోగులు ఇప్పటికీ లెక్కపెట్టలేను. మధ్యలో మర్చిపోతాను. అన్నయ్య మొదట ఆ జ్వరాన్ని చంపుతానన్నాడు. తర్వాత, చంపడం సరే, బతికినవాళ్ళ సంగతి చూడాలిగా అన్నాడు.”

అర్థం కాని ఆ జాబితా అంతా ఒక్క మాటతో అర్థమైపోయింది నాంచారమ్మకి. ఒక మనిషి జీవితం మొత్తం తన చెల్లెలి చుట్టూ తిరిగింది.

“అన్ని చీరలకీ వేస్తారా ఆ పసుపు పోగు?”

“అమ్మో, లేదండీ. తప్పు పోయిన చీరకి వెయ్యం. అమ్మ పేరు పెట్టి తప్పు సరుకు ఇస్తే కళ్ళు పోతాయి.”

వచ్చేటప్పుడు నాంచారమ్మ ఆ పటాన్ని ఫోన్లో ఫోటో తీసుకుంది.

*

డైరెక్టర్ గంగాప్రసాద్ గదిలో ఏసీ ఎక్కువ, కుర్చీలు మెత్తన. వెనక గోడమీద ఆయన అచ్చేసిన పేపర్ల సంఖ్య ఇత్తడి పలక మీద చెక్కి ఉంది, నూట ఎనభై రెండు. సన్మానాల శాలువాలు అద్దాల బీరువాలో మడతపెట్టి ఉన్నాయి.

“పాపం దుర్గాశంకర్. నా కుడిభుజం,” అన్నాడు గంగాప్రసాద్.

“కుడిభుజం చేసిన పనులు మీకు తెలుస్తూ ఉండేవాండీ?” అంది నాంచారమ్మ.

“తెలియకేం? ప్రతి పేపర్లోనూ నేనున్నాను.”

“రెండేళ్ళ కిందట బుడమేరు పొంగినప్పుడు ఇక్కడ కరెంటు పోయింది కదా. ఆ శాంపిళ్ళ గతి ఏమైంది?”

ఆయన చెయ్యి పేపరువెయిటు మీద ఆగింది. “జనరేటరుంది. ఒక్క క్షణం ఆగలేదు.”

“ఊరంతా నీళ్ళలో ఉంటే డీజిల్ పడవలో తెచ్చారా?”

“మేడమ్, మీరు ఆయన్ని ముద్దాయిలా అడగకండి,” అడ్డొచ్చాడు తిరుపతిరావు. “సార్ సాక్షి.”

“సాక్షినే అడుగుతున్నాను సీఐ గారూ. ముద్దాయి ఎటూ మాట్లాడట్లేదుగా.” నాంచారమ్మ గొంతు పెరగలేదు. గొంతు పెంచే ఓపిక కూడా లేదు ఆమెకి. “సరే, కరెంటు సంగతి వదిలేయండి డాక్టరు గారూ. ఆ పేపర్లో మీతోపాటు ఉన్న చౌడేశ్వరి గారు తెలుసా మీకు?”

గంగాప్రసాద్ ఒక్క లిప్తకాలం తటపటాయించాడు. తెలియదంటే ఇన్నేళ్ళు తనతో కలిసి పేరేసుకున్న మనిషి ఎవరో తెలియదని ఒప్పుకున్నట్టు. అంటే ఇత్తడి పలక మీది అంకెకి అర్థం లేదని ఒప్పుకున్నట్టు. పెద్దమనుషులు ప్రాణం పోతుందన్నా ఒప్పుకోని సంగతులు కొన్నుంటాయి.

“తెలియకపోవడమేంటమ్మా! పాత స్నేహితురాలు,” అన్నాడు.

“ఎప్పుడైనా కలిశారా?”

“హైదరాబాదు సదస్సులో కలిశాం. ఒకే బల్ల మీద భోంచేశాం కూడా.”

తిరుపతిరావు ముందుకి వంగాడు. “చూశారా, హైదరాబాదే! ఎలా ఉంటారు సార్?”

“పెద్దావిడ. కళ్ళజోడు. నెమ్మదస్తురాలు. పెద్దగా మాట్లాడరు.”

“భోజనంలో ఏం తిన్నారండీ?” అంది నాంచారమ్మ.

“ఆఁ? ఏదో... శాకాహారమే అనుకుంటా.”

“మరి నేను విన్నది వేరండీ. ఏడాదికోసారి వేటపోతు పడుతుందట.” ఫోను తీసి బల్లమీద ఆయన ముందుకి జరిపింది. “ఈవిడేనా?”

కత్తి పట్టుకున్న అమ్మవారు గంగాప్రసాద్‌ని గుడ్లురిమి చూసింది. తిరుపతిరావు పటాన్ని చూసి, నాంచారమ్మని చూసి, మళ్ళీ పటాన్ని చూసి, మొదటిసారి నల్ల కళ్ళద్దాలు తీశాడు.

“దుర్గాశంకర్ గారి కులదేవత. ప్రతి పేపరుకీ ఆఖర్న అమ్మ పేరు పెట్టుకున్నాడు ఆయన. నీ కానిస్టేబుల్ని వెనక్కి పిలువు తిరుపతిరావూ, ఆస్పత్రుల్లో దొరకదు, మంగళగిరిలో ఉంది.” డైరెక్టర్ వైపు తిరిగింది. “ఒక్క పేపరన్నా చదివారా మీరు?”

గంగాప్రసాద్ ముఖంలో నెత్తురు లేదు. శాలువాల బీరువా వైపు చూశాడు, అది సాయం చేస్తుందన్నట్టు.

“ఇంకోటి విను,” అంది నాంచారమ్మ సీఐతో. “తప్పు పోయిన బట్టకి వాళ్ళు అమ్మ పేరు పెట్టరు. ఈ పేపరుకి పెట్టాడంటే, అది నిజమని ఆయన నమ్మాడు. శాంపిళ్ళు కరిగిన సంగతి ఆయనకి తెలియదు. తెలిసి వెనక్కి తీసుకునేవాడే అయితే, అమ్మ మెయిల్లోంచి ఓకే నొక్కి చేతులు దులుపుకునే రకం కాదు. ముందు గుడికెళ్ళి చెంపలు వాయించుకునే రకం. పేపరు వెనక్కి లాగింది ఆయన కాదయ్యా. నీ కేసుకి పునాది అదొక్కటే కదా? పోయింది.”

గెలిచానని ఆమెకి తెలుసు. తిరుపతిరావు ముఖం చూస్తే అతనికీ తెలిసింది. గేటు దగ్గర దిమ్మ మీద కూర్చున్న పేరయ్య గుర్తొచ్చాడు. నిన్నటి నుంచి మొదటిసారి వీపు కుర్చీకి ఆనించి కూర్చుంది నాంచారమ్మ.

అప్పుడు గంగాప్రసాద్ గొంతు పెగిలింది. “కానీ... ఆవిడ నాకు ఫోన్ చేశారండీ.”

“ఎవరు?”

“చౌడేశ్వరి గారు.”

“అమ్మవారా?” అన్నాడు తిరుపతిరావు.

“సదస్సు అబద్ధమే, ఒప్పుకుంటాను. కరెంటు పోయింది కూడా నిజమే. మూడు రోజులు లేదు. పెట్టెలు నీళ్ళలో తడుస్తాయని హడావుడిగా పైకి చేరేసి పక్కకి పడేశారు. ప్రాజెక్టు పోతుందని నేనే ఎవరికీ చెప్పొద్దన్నాను. దుర్గాశంకర్ అప్పుడు వరద ఊళ్ళలో జ్వరాల క్యాంపుల్లో ఉన్నాడు. ఆయనకి తెలియనివ్వలేదు.” జేబులోంచి ఫోను తీశాడు. “కానీ ఫోన్ వచ్చిన మాట నిజం. ఆవిడ చెబితేనే నేను ఓకే నొక్కాను. నా ఫోన్లో కాల్స్ అన్నీ వాటంతటవే రికార్డవుతాయి. వినండి.”

మొదట గరగరమని శబ్దం. తర్వాత ఒక ఆడగొంతు, కావాలని తగ్గించి, వయసు పైబడినట్టు సాగదీస్తూ.

“నమస్కారం గంగాప్రసాద్ గారూ. చౌడేశ్వరిని మాట్లాడుతున్నాను. మన పేపరు వెనక్కి తీసుకోవాలండీ. మెయిల్ వచ్చింది కదా, ఓకే నొక్కండి. వరదలో శాంపిళ్ళు కరిగిన సంగతి మీకు తెలుసు. మన మాట నమ్మి రేపు ఏ ఊరి డాక్టరో ఏ పిల్లాడికో మందు ఆపేస్తే, ఆ పిల్లాడికి ఫిట్సొస్తే, ఆ పాపం ఎవరిదండీ?”

గంగాప్రసాద్ గొంతు తడబడింది అందులో. “చూడ్డానికి శాంపిళ్ళు బాగానే ఉన్నాయి కదండీ...”

“చూడ్డానికి అట్టాగే ఉంటదండీ, లోపలేం ఉండదు,” అంది ఆ గొంతు. ఆ ఒక్కచోట సాగదీయడం మర్చిపోయింది. పడుచు గొంతు బయటపడింది. “ఓసారి కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టిస్తే అది రక్తం కాదు. రక్తం ఫోటో.”

రికార్డింగు ఆగిపోయింది.

‘చేప ఫోటో’ అన్న పేరయ్య మాట నాంచారమ్మ చెవిలో మళ్ళీ పలికింది.

పేపరు అచ్చయ్యాక ఎప్పుడో గొట్టాల్లో ఆ వాలు శాలిని కంట పడి ఉంటుంది. గైడు మెయిల్ తెరిచి ఉన్న కంప్యూటరు ఆమె చేతిలోదే. అమ్మవారి మెయిల్ తెరిచి ఉన్నదీ అదే. మద్రాసు లెక్కలాయన గైడు పేరు చూసి నొక్కేసి ఉంటాడు. డైరెక్టర్ ఓకే ఒక్కటే చేతికి అందనిది, అందుకే ఫోను. గైడు నమ్మి పసుపు పోగు వేసిన బట్టని వెనక్కి లాగాలంటే అమ్మవారి చెయ్యే కావాలనుకుంది కాబోలు. ఆ పిల్ల చేసింది తప్పో ఒప్పో గానీ, ఊరూరి పిల్లల కోసం చేసింది. తన చదువు పోతుందని తెలిసే చేసింది. మరి మర్నాడు ఆ శీతల గదిలో గురువు నిలదీసినప్పుడు ఏం జరిగింది? గడియ ఎవరు పెట్టారు?

మాట పడిపోలేదు ఆమెకి. నోరు తెరిస్తే ఈ గొంతు పట్టుబడుతుంది, అంతే.

“ఈ గొంతు ఎవరిదో మీకు తెలియలేదా సార్?” అడుగుతున్నాడు తిరుపతిరావు. “ల్యాబులో వాళ్ళలో ఎవరిదైనా?”

“ల్యాబు పిల్లలతో నేను మాట్లాడనండీ. నమస్తే సార్ అంటారు, తల ఊపుతాను.”

తిరుపతిరావు లేచాడు. ఓడిపోయిన మనిషికి ఉన్నట్టుండి కొత్త ఎర దొరికిన హుషారు. “ఒప్పుకుంటున్నా మేడమ్, మీరే గెలిచారు. కేసంతా తిరగబడింది. ఈ ఆడమనిషికి శాంపిళ్ళ సంగతి తెలుసు, అమ్మవారి గుట్టు తెలుసు. దుర్గాశంకర్ గారి వెనక ఇదంతా నడిపింది. ఆయనకి తెలిసింది, నిలదీశాడు, గడియ పడింది. ఈ గొంతెవరిదో పట్టుకుంటే హంతకురాలు దొరికినట్టే. నంబరు ఇప్పుడే సైబర్ వాళ్ళకి ఇస్తున్నా, సాయంత్రంలోపు పేరొస్తుంది.”

“తొందరేముంది,” అంది నాంచారమ్మ. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

“అదేంటండీ, మీ శాలిని బయటపడేది ఈ గొంతు వల్లనే కదా? అసలు ముందు ఆ అమ్మాయికే వినిపిస్తాను. ల్యాబులో అందరూ తెలిసినవాళ్ళే. ఎవరిదో గుర్తుపట్టి చెబితే మేజిస్ట్రేటు దాకా కూడా పోనక్కర్లేదు, నేనే ఇంటికి పంపిస్తా.” రికార్డింగు తన ఫోన్లోకి ఎక్కించుకుని గుమ్మం దగ్గర ఆగాడు. “థాంక్స్ మేడమ్. నిజంగా. ఇది మీరు బయటికి లాగిందే.”

బూట్ల చప్పుడు మెట్లు దిగిపోయింది. తనే లాగింది. మంగళగిరి దాకా పోయి, పటం ఫోటో తీసి, పెద్దమనిషిని గోడకి నెట్టి మరీ లాగింది. పేరయ్య కూతురిని విడిపించడానికి మొదలుపెట్టి, వల బిగించి సీఐ చేతికిచ్చింది. నాంచారమ్మ జీవితంలో చాలా కేసులు ఓడిపోయింది. గెలిచి ఇంత నీరసపడింది ఇదే మొదలు.

రెయిలింగు పట్టుకుని మెట్లు దిగింది.

గేటు దగ్గర జీపు దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది. పేరయ్య దిమ్మ మీంచి లేచి ఆదరాబాదరాగా ఎదురొచ్చాడు. చంకలో థర్మాకోల్ పెట్టె అట్టాగే ఉంది. అడుగున పడిన చిల్లులోంచి ఐసు నీళ్ళు కారి చొక్కా తడిసిపోయింది. అది కూడా చూసుకోలేదు ఆయన.

“సీఐ గారు నవ్వుతా పోయాడమ్మా. నా భుజం తట్టి, మీ పిల్ల సాయంత్రం ఇంటికొచ్చిద్దిలే అన్నాడు,” అన్నాడు. ముసలి కళ్ళు మెరుస్తున్నాయి. “నిజమేనా? మా పిల్ల ఏవన్నా మాట్లాడిందా?”

నాంచారమ్మ ఆ పెట్టె వంక చూసింది. లోపల ఐసు మొత్తం కరిగిపోయి ఉంటుంది.

“మాట్లాడింది బాబాయ్,” అంది.